పాతపాటకు కొత్తతీగ

ఒక జాతి తన పాటను మరచుట ఒక్కనాట జరుగు పని కాదు. తల్లి పాడిన పాటను బిడ్డ వినును గాని పాడదు. అది మొదటి మెట్టు. ఆ బిడ్డ పెరిగి తన బిడ్డకు దానిని వినిపింపదు. అది రెండవ మెట్టు. అంతట ఎవరో పుణ్యాత్ములు కాగితము, కలము పట్టుకొని వచ్చి, పల్లెలోని ముసలివారి నోటనుండి ఆ పాటను వ్రాసికొని పోయి గ్రంథాలయమున దాచుదురు. అది మూడవ మెట్టు. అట్లు దాచబడిన పాట నశింపదు. కాని బ్రదికియున్నదని చెప్పుటకును వీలులేదు. విత్తనము గాదెలో నున్నంతకాలము పైరు కాదు గదా! గాదెలోని విత్తనమును మరల పొలమునకు గొనిపోవు వారెవరు? ఏ నాగలితో దున్నవలెను? తాతలనాటి నాగలినే పట్టవలెనా, నేటి యంత్రమును తేవచ్చునా? జానపదగీతములను గూర్చి మనలో జరుగుచున్న చర్చ యంతయు కడపట ఈ ప్రశ్నవద్దకే వచ్చి నిలుచుచున్నది.

ఈ ప్రశ్నకు ఇంగ్లండు దేశమున కొందరు యువకులు 1969లో ఒక జవాబు చెప్పిరి. ఆ జవాబు వాదము కాదు, ప్రకటన కాదు. ఎనిమిది పాటల గ్రామఫోను రికార్డు. దాని పేరు 'లీజ్ అండ్ లీఫ్'. పాత ఇంగ్లీషున ఆ మాటలకు విధేయతతోను, ఇష్టముతోను అని భావము. పాడినవారు 'ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్' అను బృందమువారు. పల్లెపాటకు విద్యుత్తుతో మ్రోగు గిటారును, డ్రమ్ములను చేర్చిన సంగీతమును ఆ దేశమువారు 'ఫోక్ రాక్' అందురు. ఆ రీతికి ఇంగ్లీషువారి సొంత రూపమును దిద్దిన కృతిగా ఈ రికార్డు పేరుపొందినది.

ఇంగ్లీషువారి పాటతో మన కేమి పని యని కొందరు పాఠకులు అడుగవచ్చును. పరుల వ్యాజ్యెమున వచ్చిన తీర్పును మన వ్యాజ్యెమునకు ఆధారముగా చూపుట న్యాయస్థానములలో ప్రతిదినము జరుగుచున్నదే. అందును మనలను ఏలిన జాతి యొక్క అనుభవము ఇచ్చట మరింత విచిత్రమైనది. ప్రపంచమున సగము దేశములకు తమ భాషను, తమ బడిని, తమ బ్యాండుమేళమును పంపిన ఆ జాతి, తన పల్లెలో తన పాలికాపు పాడు పాట యేదో తానే యెరుగని స్థితికి వచ్చినది. సామ్రాజ్యము పాటను కాపాడలేదు. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

ఆ దేశమున జానపదగీతముల సంఘము 1898లో ఏర్పడినది. 1903లో సెసిల్ షార్ప్ అను సంగీతోపాధ్యాయుడు సోమర్సెట్ సీమలోని హాంబ్రిడ్జి గ్రామమున జాన్ ఇంగ్లండ్ అను తోటమాలి పాడుచుండగా ఒక పాటను విని వ్రాసికొనెను. నాటినుండి 1924లో మరణించువరకు షార్పు ఇంగ్లండు పల్లెలలోను, అమెరికా కొండసీమలలోను తిరిగి వేలకొలది పాటలను సేకరించెను. అంతకు ముందే అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడగు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 305 ఇంగ్లీషు, స్కాచి కథాగేయములను పాఠాంతరములతో కూర్చి ప్రకటించియుండెను. 1930లో లండనున షార్పు పేర ఒక భవనము వెలసినది. అందులో గ్రంథాలయము, వ్రాతప్రతులు, శబ్దలేఖనములు భద్రపరుపబడినవి. గాదె నిండినది.

అయితే ఆ విత్తనమును చల్లినవారెవరు? షార్పు సేకరించిన పాటలు పియానో స్వరముతో బడిపిల్లలకు నేర్పబడినవి. వాన్ విలియమ్స్ వంటి మహాసంగీతజ్ఞులు వానిని గొప్ప వాద్యగోష్ఠులకు కూర్చిరి. ఇవి రెండును మంచి పనులే. కాని తోటమాలి పాట పెద్దమనుష్యుల హాలులోనికి పోయినది గాని, తోటమాలి మనుమని నోటికి తిరిగి రాలేదు. ఆ మనుమడు అప్పటికి అమెరికా పాటలను వినుచుండెను. 1950, 60 ప్రాంతముల మరియొక తరము లేచినది. ఏ. ఎల్. లాయిడ్, యూవన్ మెకోల్ మున్నగువారు సారాయంగళ్లపై గదులలో పాటసభలు నడపి, ఈ పాటలు కూలివాని సొత్తని చాటిరి. మెకోల్ నడపిన సభలో ఎవరి దేశపు పాటను వారే పాడవలెనను కట్టుబాటు కూడ నుండెను. ఆ కట్టుబాటులో ఆత్మగౌరవమున్నది. కాని నియమము బలిసినకొలది గది చిన్నదగుచుండెను. ఒంటిగొంతు, కాకున్న ఒక్క గిటారు. అంతకు మించిన వాద్యము వచ్చినచో అపచారమని యొక వాడుక యేర్పడినది.

ఆ వాడుక యెంత గట్టిదో 1965, 66 సంవత్సరములలో బాబ్ డిలన్ గ్రహించెను. అమెరికాలో న్యూపోర్టు జానపదోత్సవమున 1965 జూలైలో ఆయన విద్యుద్గిటారు పట్టగనే సభలో అలజడి పుట్టినది. 1966 మే నెలలో మాంచెస్టరున ఒక శ్రోత ఆయనను క్రీస్తును పట్టియిచ్చిన ద్రోహి పేరుతోనే సంబోధించి కేకవేసెను. పాటకు తీగ మారినంతమాత్రమున ద్రోహమగునా యని అప్పటినుండి వాదము సాగుచునేయున్నది.

ఇట్టి కాలమున 1967లో ఉత్తర లండనున ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందము పుట్టినది. మొదట వారు పాడినవి ఎక్కువగా అమెరికావారి పాటలే. ఆ రీతిలో తాము వ్రాసికొన్నవియు కొన్ని యుండెను. 1968లో సాండీ డెన్నీ అను గాయని వచ్చి చేరెను. ఆమె పాటసభలలో పాడి పేరు తెచ్చుకొన్నది. పాత కథాగేయములు ఆమెకు నోటనుండెను. ఆమె నేర్పిన ఒక నావికుని పాటను 1969లో వారు పదునొకండు నిమిషములు సాగునట్లు రికార్డు చేసిరి. దానికి ఫిడేలు వాయించుటకు డేవ్ స్వార్‌బ్రిక్ అను ప్రసిద్ధ జానపద వాద్యకారుని పిలిచిరి. దారి కొంచెము కనబడినది.

అంతలో ఘోరము జరిగినది. 1969 మే 12వ తేదీ తెల్లవారుజామున బర్మింగుహామున కచేరి ముగించుకొని లండనుకు తిరిగివచ్చుచుండగా వారి మోటారు బండి తలక్రిందులైనది. డ్రమ్ములు వాయించు మార్టిన్ లాంబుల్ పందొమ్మిదేండ్లకే మరణించెను. వెంటనున్న యొక యువతియు మరణించెను. మిగిలినవారు గాయములతో ఆసుపత్రి పాలైరి. బృందము విడిపోవునని పలువు రనుకొనిరి. కోలుకొన్నపిమ్మట వారొక నిశ్చయమునకు వచ్చిరి: చనిపోయిన మిత్రునితో కలిసి వాయించిన పాటలను మరల వాయింపరాదు. అనగా ఉన్నదంతయు విడిచి క్రొత్తగా మొదలుపెట్టవలెను.

క్రొత్తది ఎక్కడ నుండి తేవలెను? అప్పటికి ఒక సంవత్సరము ముందు, అనగా 1968లో, 'ది బ్యాండ్' అను బృందమువారు తమ మొదటి రికార్డును వెలువరించియుండిరి. అందులో అమెరికా నేల వాసన నిండియున్నది. దానిని వినిన ఫెయిర్‌పోర్టువారికి ఒక సంగతి తోచినది. వారు తమ నేల పాటను ఇంత నిండుగా పాడుచుండగా, మనము వారిని చూచి వారి పాటనే పాడుట యెందుకు? మన నేలకు పాట లేదా? అనుకరణ యందలి సిగ్గు ఆత్మజ్ఞానమునకు దారితీయుట చరిత్రలో క్రొత్త కాదు. ఆ వేసవిలో వారు హాంప్‌షైరు సీమలో ఫార్లీ చేంబర్లేన్ అను పల్లెకు పోయి ఒక పాత యింట కాపురముండి సాధన చేసిరి. బేస్ గిటారు వాయించు ఆష్లీ హచ్చింగ్స్ షార్పు పేరిటి భవనమునకు పోయి వ్రాతప్రతులు తిరుగవేయుటలో మునిగెను. స్వార్‌బ్రిక్ బృందమున స్థిరముగా చేరెను. నృత్యశాలల బ్యాండులలో పనిచేసిన డేవ్ మాటక్స్ డ్రమ్ములకు వచ్చెను. రిచర్డ్ థాంప్సన్, సైమన్ నికోల్ గిటారులు పట్టిరి. 1969 సెప్టెంబరు 24న లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలున ఆ పాటలను ప్రజలకు వినిపించిరి. అక్టోబరు, నవంబరు నెలలలో జో బాయిడ్ పర్యవేక్షణమున రికార్డు చేసిరి. డిసెంబరులో ఐలండ్ కంపెనీవారు దానిని వెలువరించిరి. ఆ బాయిడ్ అమెరికాలో పుట్టినవాడగుట గమనింపదగినది. స్వదేశీయత అనగా పరులకు తలుపు మూయుట కాదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

ఇక రికార్డునే విచారింతము. ఎనిమిదింటిలో అయిదు పరంపరగా వచ్చినవి, మూడు క్రొత్తగా కట్టినవి. పాతవానిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి 'మాటీ గ్రోవ్స్'. ప్రభువు ఇంట లేని సమయమున అతని భార్య ఒక పేద యువకుని ఇంటికి పిలుచును. సేవకుడు పరుగెత్తి ప్రభువునకు చెప్పును. ప్రభువు వచ్చి యువకుని ద్వంద్వయుద్ధమున చంపును, ధిక్కరించి పలికిన భార్యను చంపును. చైల్డు సంపుటములలో ఇది 81వది. పదునేడవ శతాబ్ది తొలినాళ్ల ఆంగ్ల నాటకములోనే దీని ప్రసక్తి యున్నది. రెండవది 'టామ్ లిన్', చైల్డు లెక్కలో 39వది, స్కాట్లండు కథ. దేవకన్యల రాణి చెరలోనున్న ప్రియుని జానెట్ అను పడుచు విడిపించుకొనవలెను. అతడు ఆమె చేతులలోనే పామై, క్రూరమృగమై, నిప్పువలె కాలు వస్తువై మారుచుండును. ఎన్ని రూపములు వచ్చినను ఆమె విడువరాదు. మన సావిత్రి కథ విన్న వారికి ఈ పట్టుదల క్రొత్తగా తోచదు.

ఈ రెండింటిని బృందమువారు పాడిన తీరులోనే మా వాదమంతయు ఇమిడియున్నది. 'మాటీ గ్రోవ్స్' ఎనిమిది నిమిషములకు మించిన పాట. డెన్నీ గొంతులో ఆవేశము లేదు; సాక్షి బోనెక్కి చూచినది చూచినట్లు చెప్పినట్లు చెప్పును. చంపుట జరిగినప్పుడును ఆమె గొంతు పెంచదు. వెనుక డ్రమ్ము మాత్రము గుర్రపు నడకవలె సాగుచుండును. కథ ముగిసినపిమ్మట గొంతు ఆగును. అప్పుడు ఫిడేలును, గిటారును ఒకదానినొకటి తరుముకొని పోవును. అంతదాక అణగియున్న కోపము, దుఃఖము వాద్యములలో బయటపడును. 'టామ్ లిన్' నందు తాళము నిలిచి నిలిచి విరుచుకొనిపడును. రూపములు మారు కథకు అడుగు నిలువని తాళము. ఇచ్చట విద్యుద్వాద్యము అలంకారముగా తగిలించినది కాదు. కథ అడిగినది గనుక వచ్చినది.

'డిజర్టర్' అను పాటలో బలవంతముగా సైన్యమున చేర్పబడిన యొక పేదవాడు పారిపోవును, పట్టువడును, సైనిక న్యాయస్థానమున శిక్ష పొందును. సామాన్యుని అర్జీ ఎట్లుండునో తెలియగోరు వకీళ్లు దీనిని వినవలెను. 'రెనార్డీన్' అను పాటలో నక్క స్వభావముగల మాయావి యొకడు కన్యను కొండలలోనికి కొనిపోవును. అందు తాళమే దాదాపు లేదు. పొగమంచువలె స్వరములు కమ్మియుండును. మన తంబురశ్రుతి యెరిగినవారి చెవికి అది దగ్గరగా నుండును. క్రొత్తవానిలో థాంప్సన్ వ్రాసిన 'ఫేర్‌వెల్ ఫేర్‌వెల్' అను పాటకు పాత కథాగేయపు వరుసనే వాడిరి. 'క్రేజీ మాన్ మైకేల్' అను పాటకు సాహిత్యము థాంప్సన్‌ది, స్వరము స్వార్‌బ్రిక్‌ది. కాని వినువారు అదియు మున్నూరేండ్లనాటిదే యని భ్రమపడుదురు. ప్రియురాలిని తెలియక చంపిన వెర్రివాని గోడు అది. ఆ సంవత్సరము మే నెలను ఎరిగినవారికి ఆ దుఃఖము ఎక్కడిదో చెప్ప నక్కరలేదు. పాతపాట చేయు మేలు ఇదియే. తన దుఃఖమును తన పేరుతో చెప్పలేనివానికి అది ముసుగు నిచ్చును. ఆ ముసుగు వెనుక వాడు నిజము చెప్పును.

లోపములు లేవని మే మనము. మొదటి పాట 'కమ్ ఆల్ యీ' శ్రోతలను పిలుచుటకు క్రొత్తగా కట్టినది. అందు పాత పలుకుబడులు ఉన్నవి గాని పాత ప్రాణము తక్కువ. నాట్యపు వరుసలను కూర్చిన వాద్యమాలిక నేర్పును చూపును, మనస్సును తాకదు. అట్టపై పల్లె ఆచారములను, పాటల సేకర్తలను గూర్చిన బొమ్మలను, వివరములను ముద్రించుట మంచిదే. అయినను అక్కడక్కడ బడిపంతులు గొంతు వినబడకపోదు. ఇట్టివి రెండు మూడున్నను నిలువబడినది పెద్దది.

ఈ రికార్డుపై రెండు వైపులనుండి అభియోగములు వచ్చుట సహజము. నియమవాదులు చెప్పునది: పల్లెపాటకు నిరాడంబరతయే ప్రాణము, కర్మాగారపు మోతను దానికి తగిలించుట పాటను చంపుటయే. వ్యాపారులు చెప్పునది: ఎనిమిది నిమిషముల హత్యకథను ఎవరు కొందురు? చరణములు తగ్గించుడు, పల్లవి పెంచుడు, జనము ఎగురుదురు. ఈ రెండు వాదములును చూచుటకు ఎదురుబొదురుగా నున్నను మూలమున ఒక్కటే. రెండింటికిని ప్రజలయందు నమ్మకము లేదు. మొదటివారు, ప్రజలు తాకినచో పాట మైలపడునందురు. రెండవవారు, ప్రజలకు పాట అర్థము కాదందురు. ఆ పాటను కన్నవారు ప్రజలే యని ఇరువురును మరచిరి.

నియమవాదులకు మా సమాధానము. ఏది ప్రాచీనరూపము? షార్పు తోటమాలి పాటకు పియానో చేర్చినప్పుడే రూపము మారినది. పాటసభలలోని గిటారు ఆ పల్లెలలో పుట్టినదా? ఫిడేలు మాత్రము సృష్ట్యాది నుండి అక్కడ నున్నదా? 'మాటీ గ్రోవ్స్'కు బృందమువారు వాడిన వరుస అట్లాంటిక్ దాటి అమెరికా కొండసీమలలో వాడుకైన వరుసకు దగ్గరిది. సముద్రము దాటిపోయి తిరిగివచ్చినను పాట చావలేదు. మారకుండుట గాక, మారుచు బ్రదుకుటయే జానపదగీతమునకు లక్షణము. చైల్డు ఒక్కొక్క పాటకు పలు పాఠాంతరములు ముద్రించుట దీనికే సాక్ష్యము.

వ్యాపారులకును సమాధానము కలదు. ఆ పొడవైన కథలతోనే ఆ రికార్డు బ్రిటిషు అమ్మకముల పట్టికలో 17వ స్థానమునకు చేరినది. మొదటి స్థానము కాదు, నిజమే. కాని నాడు దానిపైనున్న రికార్డులలో ఎన్నింటి పేర్లు నేడు జ్ఞాపకమున్నవి? 2006లో బి.బి.సి. రెండవ రేడియోవారి జానపద పురస్కార సభలో ఈ రికార్డు శ్రోతల వోటుచేత జానపదరంగమున అత్యంత ప్రభావము నెరపిన రికార్డుగా ఎన్నుకొనబడినది. జనరంజకత్వమును ఒక్క వారపు లెక్కతో కొలుచుట ఒక పద్ధతి. ముప్పదియేడేండ్ల జ్ఞాపకముతో కొలుచుట మరియొక పద్ధతి. రెండవ కొలత పాటకు తగినది.

కాబట్టి మేము చెప్పునది యేమనగా, ప్రయోగమును జనరంజకత్వమును తక్కెడలోని రెండు సిబ్బెలుగా భావించి, ఇందులో ఇంత తీసి అందులో అంత వేయుదమను బేరము నిష్ఫలము. పాటయందలి కథను నమ్మినవాడు దానిని తనకాలపు మనుష్యునికి వినిపింప గోరును. ఆ మనుష్యుని చెవికి అలవాటైన వాద్యమును పట్టును. అప్పుడు ప్రయోగమే రంజకమగును. ఫెయిర్‌పోర్టువారికి విద్యుద్గిటారు విదేశవస్తువు కాదు; వారు చిన్ననాటినుండి చేతబట్టినది అదియే. వారు తమ భాషలో తమ తాతల కథ చెప్పిరి.

ఈ సమతూకము శాశ్వతమని మాత్రము ఎవరును భ్రమపడరాదు. రికార్డు వెలువడు సమయముననే బృందము చీలినది. హచ్చింగ్స్ పాతపాటలలోనికి మరింత లోతుగా పోదమనెను. డెన్నీ తన సొంత పాటలు పాడుకొందుననెను. ఇరువురును బృందమును విడిచిరి. హచ్చింగ్స్ నిర్మించిన 'స్టీలై స్పాన్' బృందము, ఆయన దానిని విడిచినపిమ్మట, 1975లో ఒక పాతపాటను అమ్మకముల పట్టికలో అయిదవ స్థానమునకు చేర్చినది. డెన్నీ 1978 ఏప్రిలులో ముప్పదియొకటవ యేటనే మరణించెను. సూత్రము దొరికినదనుకొన్నచోట అది జారిపోవును. ఆ దినములలో ఆ యింట ఆ మనుష్యులు ఆ దుఃఖముతో కూడియుండుటచేత ఆ పాట పలికినది. దాని పైరూపమును మాత్రము అనుకరించినవారికి మోత దక్కినది, పాట దక్కలేదు.

న్యాయవాదవృత్తిలో నున్నవారమగుటచే హక్కుల విషయమున ఒక మాట చెప్పక తీరదు. ఇంగ్లీషు రికార్డులపై పాతపాటల కెదురుగా 'పరంపరాగతము. కూర్పు ఫలానావారిది' అని వేయుట ఆచారము. ఇది చిన్న అక్షరముల సంగతి కాదు. పాట అందరిది, కూర్పు మాది యని అందులో నొప్పుకోలున్నది. ఈ ఆచారము తప్పినచోట ఎట్టి మనస్తాపములు కలుగునో ఆ కాలముననే చూచితిమి. లండనున మార్టిన్ కార్తీ వద్ద 1965లో పాల్ సైమన్ 'స్కార్‌బరో ఫెయిర్' అను పాతపాటను నేర్చెను. 1966లో వెలువడిన రికార్డుపై కార్తీ పేరు లేదు, పరంపర పేరును లేదు. ఆ పాట లోకమంతట మ్రోగినది. కార్తీ మనస్సున నొప్పి చిరకాలము నిలిచినది. 2000లో సైమన్ లండను కచేరికి ఆయనను పిలిచి, ఇరువురును కలిసి ఆ పాటను పాడినపుడు గాని అది తీరలేదు. మన 1957 నాటి కాపీరైటు చట్టము సంగీతకృతి యొక్క కూర్పును 'అనుసరణ' క్రింద గుర్తించినది. కాని ఊరివారందరు కలిసి కన్న పాటకు ఊరివారి పేరున హక్కును ఇచ్చు ఏర్పాటు అందులో లేదు. చట్టము కోరకున్నను మర్యాద కోరును. ఎవరి నోట వింటిమో వారి పేరు చెప్పుట పాటకు మొదటి రుసుము.

ఈ తీర్పు మన వ్యాజ్యెమునకు ఎట్లు వర్తించునో పాఠకులు ఇప్పటికే గ్రహించియుందురు. మన గాదెయు నిండినదే. బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యమును పరిశోధించి 1958లో గ్రంథముగా ప్రకటించిరి. తరువాత ఎందరో ఆ పనిని సాగించిరి. పొలమునకు గొనిపోయినవారును మనకున్నారు. షేక్ నాజరుగారు బుర్రకథను చేపట్టి, పాతకథల చెంత తనకాలపు ప్రజల కష్టమును నిలిపి, వేలజనమును రాత్రులు కూర్చుండబెట్టిరి. అది ప్రయోగమా, జనరంజకమా యని నాడెవరును అడుగలేదు. అడుగ నవసరము లేకపోయినది. నేడు యూట్యూబులో తెలంగాణ పల్లెపాటలు కోట్లమార్లు వినబడుచున్నవి. యువకులు వానికి గిటారు, డ్రమ్ములు చేర్చుచున్నారు. వారిని చూచి ముక్కుమీద వ్రేలువేసికొను పెద్దలతో మేము ఏకీభవింపము. అట్లని చప్పట్లు కొట్టి ఊరకుండుటయు మాకు సమ్మతము కాదు. ఆ యువకులను మూడు ప్రశ్నలు అడుగుదుము. మీరు చేర్చిన వాద్యము కథను నడపుచున్నదా, కప్పివేయుచున్నదా? చరణములు కోసినప్పుడు పాటలోని కష్టము కూడ కోయబడినదా? ఆ పాటను మీకు చెప్పిన అవ్వ పేరు, ఊరి పేరు ఎక్కడనైన వ్రాసితిరా?

ఈ మూడింటికి నిజమైన జవాబు చెప్పగలవారికి ఏ తీగ పట్టినను దోషము లేదు. చెప్పలేనివారు తాతలనాటి తంబురను పట్టినను ఫలము లేదు. పెద్దలకు చెప్పునది వేరు. మన గ్రంథాలయములలో, విశ్వవిద్యాలయములలో నున్న పాటల వ్రాతప్రతులను, శబ్దలేఖనములను యువకులకు అందుబాటున నుంచుడు. హచ్చింగ్స్‌కు లండనున తలుపు తెరచియుండెను. లోనికి పోయి చూడగలిగెను. మన యువకుడు వచ్చి తలుపు తట్టినప్పుడు, ఎవరి సిఫారసు తెచ్చితివని అడుగు కాపలాదారును అక్కడ నిలుపకుడు. విత్తనము గాదెలో ముక్కిపోకముందే చల్లవలెను. నాగలి యేదైనను దున్నువాడు మనవాడు కావలెను. పండినది పదిమంది నోట పడవలెను.